తెగే చోటు

కురుపాం మార్కెట్ సందులో మూడో మలుపు.
సన్యాసాచారి గారి గుమ్మంలో ఒక గోనెపట్టా,
వచ్చేవాళ్ళ కోసం కాదు, వెళ్ళేవాళ్ళ కోసం.
ఏడాదికోసారి దాన్ని కాల్చి
బూడిదలో బంగారం వెతుక్కుంటారట.

కేజీహెచ్‌లో డ్యూటీ దిగి సరాసరి వచ్చాను,
వేళ్ళకింకా ఈసీజీ జెల్లీ జిగట.
ఎల్లాజీ వాళ్ళక్క దేముడమ్మ అప్పటికే వచ్చి
ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చుంది.
నా బ్యాగులో ఒక బొమ్మ, ఒక దారం.

బొమ్మ నేనే వేశాను, ఈసీజీ కాగితం వెనకవైపు:
ఒక కెరటం, కెరటం మీద చేప,
చేప కంట్లో ఎర్రరాయి.
దారం అతనిచ్చింది.
వల అల్లే నైలాన్ ముక్కని వేలికి చుట్టి, ముడేసి,
బోటెక్కబోతూ జెట్టీ మీద నా చేతిలో పెట్టి
"ఇదే సైజు" అన్నాడు.

ఆచారి ముందు దారాన్నే తీశాడు. లాగి చూశాడు.
"నైలాను సాగుతాదమ్మా.
ఏలు కూడా అంతే, పొద్దున ఒక కొలత, మాపటికి ఒక కొలత,
ఉప్పునీళ్ళలో నానితే ఇంకోటి.
ఇది ఏ ఏలు?"

తర్వాత కళ్ళద్దాలు దించుకుని బొమ్మ చూశాడు.
"కుర్రాడేటి పని?"
"బోటు మీద. వించి దగ్గర."

పెన్సిలు తీసి చేప కన్ను కొట్టేశాడు.
తర్వాత చేపని.
కెరటం దగ్గర కాసేపు ఆగాడు,
నాకు ఆశ పుట్టేంతసేపు.
దాన్నీ కొట్టేశాడు.

"రాయి లేస్తే ఒల తగులుకుంటాది.
ఒల తగులుకుంటే తాడు లాగుతాది.
వించి ఆగదు గదమ్మా మనకోసం."

నాకు తెలుసు.
కిందటి కార్తీకంలో క్యాజువాల్టీకి ఒక డబ్బా తెచ్చారు,
చేపలకి వేసే ఐసు, ఐసులో వేలు,
వేలికి ఉంగరం అలాగే ఉంది.
ఆ మనిషికి నేనే ఈసీజీ తీశాను.
గుండె బాగానే కొట్టుకుంటోంది.

కాగితం మీద మిగిలింది ఒక గుండ్రం.
"ఉత్త రింగా?" అంది దేముడమ్మ. "నలుగురూ ఏటనుకుంటారు?"
ఆచారి ఆ గుండ్రానికి అడుగున
వెంట్రుకంత గీత పెట్టాడు.
"అరచేతి వైపు సగానికి పైగా కోసి
గాటులో టంకం పల్చగా నింపుతాను.
బిందె ఎత్తినా, బండి తోలినా ఏటవదు.
మనిషి బరువు పడిందా, ఇచ్చుకుంటాది."

"శుభమా అని చేయిస్తుంటే తెగడం ఏటండీ!"

ఆయనకి కోపం రాలేదు.
కుంపట్లో బొగ్గు ఒకటి ఇటునుంచి అటు మార్చి అన్నాడు:
"తెగేది బంగారం. పట్టుకొస్తే అతికేస్తాను.
ఏలు నానతకలేను తల్లీ."

దేముడమ్మ ఇంకేం అనలేదు.
తన ఉంగరాన్ని ఒకసారి తిప్పుకుంది,
అది కదల్లేదు.

పదిరోజులకి అతన్నే తీసుకెళ్ళాను,
ఇత్తడి రింగుల గుత్తి గలగలలాడించి
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచారు.
రెండింటికీ నడుమ ఒక సైజు ఖాయం చేశారు.
ఎల్లాజీ సిగ్గుపడ్డాడు,
వేలు చూపించడానికి, నాకు కాదు, ఆచారికి.
వలతాడు కోసిన పాత మచ్చలన్నీ
పెద్దాయన ఒక్కొక్కటీ తడిమాడు,
నగకి నగిషీ చూసినట్టు.

ఏప్రిల్ పదిహేనుకి వేట ఆగుతుంది.
ఇరవైన నిశ్చితార్థం.
పద్దెనిమిదో తారీఖు ఉంగరం తీసుకున్నాను.
అయిదు గ్రాముల నూట నలభై మిల్లీలు,
తరుగు వేరే, మజూరీ వేరే.
ఆ చోటు కోసం గోరుతో చుట్టూ వెతికాను.
దొరకలేదు.
"దొరికితే నా పని బాగోనట్టే" అన్నాడు.

బిల్లులో డిజైన్ అన్న చోట పెన్ను ఆపాడు,
నాకేసి చూశాడు,
రాశాడు: ప్లెయిన్.

వస్తూ వస్తూ గోనెపట్టా మీద
రెండు కాళ్ళూ గట్టిగా తుడుచుకున్నాను.
రవ్వంతైనా అంటుకుని ఉంటే,
వాళ్ళది వాళ్ళకి.